కంటికి సరిగ్గానే ఉంది, వెతికితే దొరకదు: ఫోన్‌లో తెలుగు చిక్కులు విప్పుకోవడం ఎలా

నాన్న తన జ్ఞాపకాలన్నీ రెండేళ్లపాటు ఫోన్‌లోనే టైప్ చేశారు. రోజుకో అరపేజీ, కుడిచేతి బొటనవేలితో. ఇక అచ్చు వేయించుకుందాం అనుకున్నాక ఆ ఫైలు నా చేతికొచ్చింది. మొదటి రోజే ఒక చిన్న పని చెప్పారు.

"దుఃఖం అనే మాట మరీ ఎక్కువసార్లు వాడానేమో అనిపిస్తోందమ్మా. ఎన్నిసార్లు వచ్చిందో చూసి చెప్పు."

వెతికాను. ఒక్కచోట కూడా లేదంది.

"లేకపోవడమేంటి? మీ నానమ్మ పోయిన అధ్యాయంలోనే నాలుగుసార్లు రాశాను కదా" అన్నారు. ఆ పేజీ తీశాను. నిజమే, మాట కళ్ల ముందే ఉంది. ఫాంట్ సైజు బాగా పెంచి చూస్తే అప్పుడు తెలిసింది. విసర్గ ఉండాల్సిన చోట రెండు చిన్న చుక్కలు, అంటే మామూలు కోలన్ ఉంది. నాన్న రాసింది దు:ఖం. నేను వెతికింది దుఃఖం. ఈ రెంటికీ తేడా మన కంటికి ఆనదు. ఫోన్‌కి మాత్రం ఇవి రెండు వేరువేరు మాటలు.

ఆ ఫైలు బాగుచేయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఎదురైన చిక్కులు, వాటిని ఎలా విప్పుకున్నానో రాస్తున్నాను. ఇంట్లో ఎవరైనా తెలుగులో రాస్తుంటే, మీరే రాస్తుంటే, ఇందులో సగమైనా పనికొస్తాయి.

ముందు ఈ ప్రయోగం చేసి చూడండి

ఫోన్‌లో స్త్రీ అని టైప్ చేయండి. ఇప్పుడు చెరిపే మీటని ఆగి ఆగి ఒక్కొక్కసారే నొక్కండి. చాలా ఫోన్లలో ఇలా తరుగుతూ వస్తుంది: స్త్ర, స్త్, స్త, స్, స, చివరికి ఖాళీ. మొత్తం ఆరు నొక్కులు. బళ్లో మనకి ఒకే అక్షరం అని నేర్పింది ఫోన్ లోపల ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం.

ప్రపంచంలోని లిపులన్నింటికీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో 1991 నాటి మొదటి కూర్పు నుంచే తెలుగు ఉంది. మనకి కేటాయించిన గదులు 128. అందులో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, అంకెలు ఉన్నాయి కానీ వత్తులకి విడిగా గదుల్లేవు. పొల్లు తర్వాత త వస్తే దాన్ని కింద వత్తుగా గీయాలని ఫాంట్‌కి తెలుసు, అంతే. అంటే ఫోన్ దాచుకునేది సంకేతాల వరుస. తెరమీద మనం చూసేది ఆ వరుసని చదివి ఫాంట్ గీసిన బొమ్మ. కింద చెప్పే ఇబ్బందుల్లో చాలా వాటికి మూలం ఇదే.

ఇది తెలిశాక మొదటి లాభం చెరపడంలోనే. స్త్రి అని పడి, స్త్రీ కావాలనుకోండి. మాటంతా చెరిపి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. ఒక్కసారి చెరిపితే గుడి మాత్రమే పోతుంది, దీర్ఘం పెట్టుకుంటే సరి. నాన్న ప్రతిసారీ మాట మొత్తం చెరిపేవారు. ఈ సంగతి చూపించిన రోజు ఆయన మొహం చూడాలి, చిన్నపిల్లాడిలా స్త్రీ, స్త్ర, స్త్ అంటూ పది నిమిషాలు ఆడుకున్నారు. కంప్యూటర్లో ఒక జాగ్రత్త: అక్షరం ముందు కర్సర్ పెట్టి డిలీట్ మీట నొక్కితే చాలా ప్రోగ్రాముల్లో అక్షరం వత్తులతో సహా పోతుంది. బ్యాక్‌స్పేస్ అయితే ఒక్కో సంకేతమే పోతుంది.

అక్కడక్కడ చుక్కల వలయం, దాని పక్కన ఒంటరిగా ఒక గుడో కొమ్మో కనిపిస్తుంది చూశారా? ఆ గుణింతపు గుర్తుకి ఆనుకోవడానికి హల్లు లేదని అర్థం. ఎక్కువగా మధ్యలో ఖాళీ దూరడం వల్ల వస్తుంది. గుర్తునీ ఖాళీనీ చెరిపేసి, గుర్తుని మళ్లీ హల్లుకి ఆనించి కొట్టండి.

ఒకేలా కనిపించే వేరే అక్షరాలు

నాకు ఎక్కువ రోజులు పట్టింది ఇక్కడే. కోలన్ సంగతి చెప్పాను కదా. రెండోది సున్న. తెలుగు రాతలో సున్న స్థానంలో నాలుగు రకాలు కనిపిస్తాయి: అసలైన పూర్ణానుస్వారం ం, తెలుగు అంకె సున్న ౦, మామూలు అంకె 0, ఇంగ్లీషు ఓ అక్షరం. మొదటి రెంటినీ పక్కపక్కన పెట్టినా విడదీయడం కష్టం. నాన్న ఫైల్లో ఈ నాలుగూ ఉన్నాయి. కీబోర్డులో ఆ పూటకి ఏది కనిపిస్తే అది కొట్టారు పాపం.

ఇవి బాగుచేసే పద్ధతి ఇది. ముందు ఫైలుకి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి. అసలు ఫైలు మీద ప్రయోగాలు చేయొద్దు. తర్వాత వర్డ్‌లోనో గూగుల్ డాక్స్‌లోనో తెరిచి, ఫైండ్ అండ్ రీప్లేస్‌లోకి వెళ్లండి.

కోలన్‌ని అన్నిచోట్లా ఒకేసారి విసర్గగా మార్చేయకండి. మొదటిసారి నేను అదే చేసి, 10:30 అని టైము రాసిన చోటల్లా విసర్గలు పెట్టేశాను. సంభాషణల ముందున్న కోలన్లూ పోయాయి. కాపీ ఉంది కాబట్టి బతికిపోయాను. మాటలవారీగా మార్చండి. తెలుగులో విసర్గ వచ్చే మాటలు మరీ ఎక్కువేం కాదు: దుఃఖం, అంతఃకరణ, అంతఃపురం, పునఃప్రారంభం, స్వతఃసిద్ధం, ప్రాతఃకాలం, బహుశః. ఒక్కోదానికి కోలన్‌తో ఉన్న రూపం పై గడిలో, విసర్గతో ఉన్నది కింది గడిలో. బహుశః విషయంలో ముందు ఒక మాట నాన్నని అడిగాను, ఆయన బహుశా అనే ఉంచమన్నారు. అలాంటి చోట రాసినవాళ్ల మాటే చెల్లాలి.

సున్నకి కొంచెం వేరే దారి. తెలుగు అంకెలు మీ రాతలో అసలు లేకపోతే ౦ ఉన్న ప్రతిచోటా ం పెట్టేయొచ్చు, భయం లేదు. తెలుగు అంకెలు వాడేవాళ్లయితే మాత్రం రీప్లేస్ ఆల్ నొక్కకండి, ౨౦౦౦ లాంటివన్నీ చెడిపోతాయి. మామూలు 0ని ఒక్కొక్కటీ చూస్తూ వెళ్లాల్సిందే. ఒక పూట పని. టీవీ పక్కన పెట్టుకుని చేసే పని కాదిది.

విసర్గ కీబోర్డులో ఎక్కడుందో తెలియక కోలన్ కొట్టేవాళ్లకి ఒక సులువు. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే కీబోర్డు వాడుతుంటే, దుఃఖం మాట మొత్తం కొట్టి, పైన వచ్చే సూచనల్లోంచి సరైనదాన్ని ఎంచుకోండి. మధ్యలో ఆగి కోలన్ పెట్టొద్దు. నా అభిప్రాయం అడిగితే, రోజూ రాసేవాళ్లు ఇన్‌స్క్రిప్ట్, అంటే ఒక్కో మీటకి తెలుగు అక్షరమే నేరుగా వచ్చే అమరిక, నేర్చుకోవడం మంచిది. కంప్యూటర్ కీబోర్డు మీద దాని అమరిక చాలా ముచ్చటైనది: అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లుల్లో ఎక్కువభాగం కుడిచేతి వైపు. పొల్లు ఇంగ్లీషు డి మీట మీద ఉంటుంది. మొదటి వారం విసుగొస్తుంది. రెండో వారానికి ళ, ల, ణ, న కోసం సూచనల్లో వెతుక్కునే బాధ తప్పుతుంది.

కనిపించని అక్షరం

సాఫ్ట్‌వేర్ అనే మాట చూడండి. ట్ దగ్గర పొల్లు నిలబడి, వే విడిగా వచ్చింది. అదే మాట కొందరి రాతలో సాఫ్ట్వేర్ అని, వ కిందికి దిగి వత్తయిపోయి కనిపిస్తుంది. పొల్లు తర్వాత హల్లు వస్తే వత్తు చేసేయడం ఫాంట్ పని. వద్దు, కలపొద్దు అని చెప్పడానికి మధ్యలో ఒక కనిపించని సంకేతం పెట్టాలి. దానికి వెడల్పు కూడా ఉండదు. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. నేను విడదీత అని పిలుచుకుంటాను.

వర్డ్‌లో దాన్ని తెప్పించుకోవడం తేలికే. పొల్లు పెట్టాక, 200 అంకెల పక్కన ఇంగ్లీషు సి అక్షరం కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. ఆ నాలుగూ మాయమై విడదీత వస్తుంది. ఫోన్‌లో అంత తేలిక కాదు, కొన్ని కీబోర్డుల్లో దానికి మీటే ఉండదు. అందుకని నేను మాటలకి మాటలే దాచిపెట్టుకున్నాను. పైన నేను రాసిన సాఫ్ట్‌వేర్‌ని ఇక్కడినుంచే కాపీ చేసుకోండి. గూగుల్ కీబోర్డు జీబోర్డ్ అయితే దాని సెట్టింగ్స్‌లో డిక్షనరీ, అందులో పర్సనల్ డిక్షనరీ, తెలుగు, తర్వాత ప్లస్ గుర్తు. మాట అతికించి, కింద షార్ట్‌కట్ గడిలో రెండు మూడు అక్షరాలు పెట్టండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్, టెక్స్ట్ రీప్లేస్‌మెంట్. మీరు తరచూ వాడే పాతిక ముప్ఫై మాటలు ఒకసారి ఎక్కించుకుంటే చాలు.

అయితే ఇదే విడదీత తలనొప్పి కూడా తెస్తుంది. కొన్ని కీబోర్డులు ఫోన్, కాల్ లాంటి మాటల చివర పొల్లు తర్వాత దీన్ని తమంతట తామే వదిలేస్తాయి. కంటికేమీ కనిపించదు. కానీ వెతికినప్పుడు ఆ మాట దొరక్కపోవచ్చు. తెలుగులో పేరు నింపిన ఫారంలో పేరు సరిపోలలేదు అని వస్తే, స్పెల్లింగ్ అంతా బాగానే ఉంటే, ఇదీ ఒక కారణం కావచ్చు. పసిగట్టే గుర్తు ఒకటుంది: మాట చివర చెరిపే మీట ఒకసారి నొక్కినా తెరమీద ఏమీ మారకపోతే, పోయింది విడదీతే.

2018 ఫిబ్రవరిలో ఈ కనిపించని సంకేతం ప్రపంచమంతా వార్తయింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత విడదీత, చివర దీర్ఘం. ఈ ఐదూ ఇదే వరుసలో ఉన్న మెసేజ్ వస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో మెసేజీల యాప్ మూతపడిపోయేది. తెలుగు అక్షరం ఐఫోన్లని పడగొట్టింది అని అందరూ రాశారు. మనం రోజూ రాసే జ్ఞా తప్పేమీ లేదు. ఞకీ దీర్ఘానికీ మధ్య విడదీత వస్తే ఎలా గీయాలో ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలియలేదు. ఆ నెల 19న వచ్చిన 11.2.6తో అది సరైంది. నాన్న పుస్తకం పేరే జ్ఞాపకాలు అని మొదలవుతుంది కాబట్టి ఈ కథ ఆయనకి చెప్పాను. వెంటనే ఫోన్ తీసి తన ఫైల్లో మొదటి మాట పరీక్షగా చూసుకున్నారు.

గజిబిజిగా తెరుచుకున్న ఫైళ్లు

నాన్న స్నేహితుల పేర్లు, చిరునామాలు ఒక పాత కంప్యూటర్లోంచి సీఎస్‌వీ ఫైలుగా, అంటే గడుల మధ్య కామాలు పెట్టిన పట్టికగా దించుకున్నాం. ఎక్సెల్‌లో తెరిస్తే అంతా పిచ్చి గుర్తులు. నాన్నకి ఒకటే టెన్షన్, నలభై ఏళ్ల పరిచయాలు పోయాయని.

ఇలాంటప్పుడు ఆ గుర్తుల్ని ఒకసారి నిదానంగా చూడండి. నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు గానీ ప్లస్-మైనస్ గుర్తు గానీ, ఈ జంట మళ్లీ మళ్లీ వస్తోందా? అయితే ఊపిరి పీల్చుకోండి, మీ తెలుగు లోపల భద్రంగా ఉంది. యూనికోడ్ నంబర్లని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండింట్లో ఏదో ఒకటి. ఎక్సెల్ ఆ మూడింటినీ మూడు విడి పాశ్చాత్య అక్షరాలుగా చదివేసింది, అందుకే ఆ జంట. అలా కనిపించినప్పుడు మాత్రం సేవ్ నొక్కకండి. మూసేసి, కొత్త ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ ద్వారా ఫైలు ఎంచుకుని, ఫైల్ ఆరిజిన్ అన్న చోట 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 పెట్టండి. తెలుగు తిరిగొస్తుంది.

అన్నీ ప్రశ్నార్థకాలే కనిపిస్తే వేరే సంగతి. ఫైలు దాచిన చోటే తెలుగు పోయి ప్రశ్నార్థకాలు మిగిలాయన్నమాట, దాన్నుంచి తీయలేం. అసలు ఫైలు ఉన్నవాళ్లని మళ్లీ అడగాలి.

పాత అచ్చు ఫైళ్లది ఇంకో రకం కష్టం. నాన్న వ్యాసం ఒకటి చాలా ఏళ్ల కిందట సంచికలో వచ్చింది, దాని పీడీఎఫ్ దొరికింది. చూడ్డానికి చక్కటి తెలుగు. కాపీ చేసి అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు. అచ్చుపనికి వాడే అను, శ్రీలిపి లాంటి డీటీపీ ఫాంట్లలో తెలుగు ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల కుర్చీల్లో కూర్చుంటాయి. ఆ ఫాంట్ తీసేస్తే కుర్చీలు మిగులుతాయి. ఏ ఫాంటో తెలిస్తే దానికి సరిపోయే కన్వర్టర్ వెతికి వాడండి, అదే మేలు. తెలియకపోతే ఆ పేజీ ఫొటోని కంప్యూటర్లో గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, దానిమీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ విత్, గూగుల్ డాక్స్ అనండి. బొమ్మలోంచి తెలుగు చదివి ఇస్తుంది.

ఇచ్చిందాన్ని నమ్మి వదిలేయకండి. ప, వ, ఫ, ఘ కలగాపులగం అవుతాయి. మ, య తారుమారవుతాయి. ద, ధ, థ మధ్య తేడా కింది చిన్న గీత మీద, పొట్టలో చుక్క మీద ఆధారపడింది కాబట్టి మరీనూ. మేం ఏం చేశామంటే, నాన్న అచ్చు కాగితం చూసి పైకి చదివారు, నేను తెరమీద వేలు పెట్టి అనుసరించాను. ధనం, వనం దగ్గర ఆగాం. కంటికి నప్పిన తప్పులు చెవికి దొరికాయి. మూడు పేజీలకి గంట.

కొన్ని చిన్నవి

ఎస్‌ఎంఎస్‌లో ఇంగ్లీషు అయితే 160 అక్షరాలు పడతాయి. ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం 70కి పడిపోతుంది. కారణం మెసేజ్ పరిమాణం 140 బైట్లే కావడం: మామూలు ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు, తెలుగు సంకేతానికి 16. ఆ 70లో ఒక్క స్త్రీకే ఆరు పోతాయని గుర్తుంచుకోండి. దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకి 67. ఇంగ్లీషు మెసేజ్‌లో ఒక ఎమోజీ పెట్టినా ఇదే లెక్క.

కాంటాక్ట్స్‌లో పేర్లు తెలుగులో దాచుకుంటే అవి ఇంగ్లీషు పేర్లన్నీ అయ్యాక అడుగున చేరతాయి, ఇంగ్లీషులో వెతికితే దొరకవు. నాన్న ఫోన్‌లో నేను చేసింది, పేరు తెలుగులోనే ఉంచి నిక్‌నేమ్ గడిలో ఇంగ్లీషు స్పెల్లింగ్ పెట్టడం. ఇప్పుడు ఎలా వెతికినా దొరుకుతున్నాయి.

కింది వత్తులు సగం తెగి కనిపిస్తే ముందు సెట్టింగ్స్‌లో ఫాంట్ సైజు ఒక మెట్టు తగ్గించి చూడండి. ఆ యాప్‌లో వరుసల మధ్య ఎడం చాలక అలా అవుతుంది.

అక్షరం బదులు ఖాళీ పెట్టె వస్తే ఆ సంకేతానికి మీ ఫోన్ ఫాంట్‌లో బొమ్మ లేదని అర్థం. కొత్తగా వచ్చిన ఎమోజీలు పాత ఫోన్లలో అందుకే పెట్టెలవుతాయి. ఆ పెట్టెల్ని ఇంగ్లీషులో టోఫు అంటారు. టోఫు ఉండకూడదు అనే మాటలోంచే గూగుల్ తన నోటో ఫాంట్లకి ఆ పేరు పెట్టుకుంది.

ఇంకా తేలనిది ఒకటి ఉంది. మా తాతయ్య చేత్తో రాసుకున్న పద్యాలు కొన్ని నాన్న తన జ్ఞాపకాల్లో ఎత్తిరాశారు. తాతయ్య పాత అలవాటు ప్రకారం మాట చివరి న్‌కి మామూలు పొల్లు పెట్టకుండా నకారపొల్లు వేసేవారు. అది న్ అయితే తాతయ్య రాసినట్టుండదని నాన్న పట్టుదల. నకారపొల్లుకి యూనికోడ్‌లో చోటు దొరికింది 2021లో, 14వ కూర్పులో. ఇదిగో పెడుతున్నాను: ౝ. మీకు ఇక్కడ నకారపొల్లే కనిపిస్తే మీ ఫోన్‌లో ఫాంట్ కొత్తది. పెట్టె కనిపిస్తే పాతది. నాన్న ఫోన్‌లో పెట్టే.

ఇలాంటి అక్షరం మీకూ కావాలంటే, ఫైల్లో సరైన సంకేతమే ఉంచండి. బొమ్మగా గీసి అతికించొద్దు, తర్వాత వెతకలేరు. ఇతరులకి పంపేటప్పుడు, ఆ అక్షరం ఉన్న ఫాంట్ ఉన్న కంప్యూటర్లో తెరిచి పీడీఎఫ్ చేయండి. ఫాంట్ అందులోనే చేరుతుంది కాబట్టి ఏ ఫోన్‌లోనైనా కనిపిస్తుంది. నేను ప్రస్తుతానికి పద్యాల్లో పదకొండు చోట్ల న్ పెట్టి, పక్కన నక్షత్రం గుర్తు ఉంచాను. పుస్తకం పేజీలు దిద్దే ఆయన దగ్గర ఆ ఫాంట్ ఉందో లేదో సోమవారం కనుక్కోవాలి.